ఎరుగనివారి యెడల దయ

రంజాన్ మాసమున గడప యొద్ద చేయి చాచినవానిని ఊరు పేరు అడుగక ఆదుకొనుట తరతరముల ఆచారముగా గల మన పాతబస్తీలోనే, 2018 మే 26వ తేదీ రాత్రి, చాంద్రాయణగుట్ట వద్ద, భిక్షాటనకై వచ్చిన ట్రాన్స్‌జెండర్ స్త్రీలను పిల్లల నెత్తుకుపోవువారని భ్రమించి ఒక గుంపు చుట్టుముట్టి కొట్టగా, వారిలో ఒకరు ప్రాణములు కోల్పోయిరి. ఆ దినములలో ఊరూర వాట్సాప్‌లో తిరుగుచుండిన వదంతులు జనుల మనస్సులలో నింపిన విషమంతయు ఆ రాత్రి ఆ నిరపరాధుల మీద కురిసినది.

కొట్టిన చేతులను చట్టము వెదకి పట్టుకొనగలదు. ఇంట కూర్చుండి ఆ వదంతిని ముందుకు పంపిన వ్రేళ్లను ఎవరు పట్టుకొందురు? వారు దుర్మార్గులు కారు. బడికి పోయిన మనుమడు తిరిగి వచ్చువరకు గుమ్మము వైపే చూచు అవ్వలు, రాత్రి డ్యూటీలకు పోవు తండ్రులు, ‘ఎందుకైనా మంచిది’ అని నలుగురికి పంపినవారు. తనవారిపై గల మమత, విచారణ లేనప్పుడు, ఎరుగనివారి పాలిట క్రౌర్యమగునని ఆ రాత్రి ఋజువైనది.

మా బస్తీ గ్రూపులో అట్టి సందేశములు నేటికిని వచ్చుచునే యున్నవి: భుజమున మూటతో సందు మలుపున నిలుచున్న ఒక మనిషి ఫొటో, దాని క్రింద ‘వీడు దొంగ, అందరికీ పంపండి’ అను వ్రాత. ఇది ఎక్కడిది, ఎన్నటిది, కన్నులార చూచినవారెవరు అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకనిదే నేను దానిని ముందుకు పంపను. అంతటితో ఆగక, పంపినవారికి ఫోను చేయుదును. నలుగురి యెదుట ‘బుద్ధి లేదా’ అని నిలదీయుట సులువే గాని, వదంతిని ఖండించు నెపమున మరియొకరిని అవమానించుట ఆ నిర్దయకే ఇంకొక రూపము. “ఏందక్కా, ఆ మనిషిని నువ్వు జూసినవా?” అని మెల్లగా అడిగినచో, “లే తమ్మీ, మా చెల్లె పంపింది, బుగులు పుట్టి పెట్టిన” అని చెప్పి, ఆమె తానే దానిని తొలగించును. భయమును ఒకరు వినిపించుకొనినప్పుడే అది చల్లారును.

ఈ మార్గము పెద్ద యెత్తునను సాధ్యమేనని మన రాష్ట్రమే చూపినది. అదే సంవత్సరమున జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా నుండిన రెమా రాజేశ్వరి, తన సిబ్బందిని పల్లెలకు పంపి, డప్పులతో, జానపద గేయములతో వదంతుల గుట్టు విప్పించిరి. ఆ జూలైలో వాట్సాప్ సంస్థయు, మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపరాదని హద్దు పెట్టినది. హద్దు వేగమును తగ్గించునే గాని దయను పుట్టింపజాలదు. ఐదుగురికి చేరిన అబద్ధమైనను ఒక ప్రాణము తీయుటకు చాలును.

కనుక ఫోనులో కనబడు ఆ అపరిచితునికిని ఒక ఇల్లు కలదని, అతని కొరకు ఎదురుచూచువారు కలరని తలచి, ఋజువు లేని నిందను మన దగ్గరనే ఆపవలెను. ఇందులకు ధనమక్కరలేదు, పాండిత్యమక్కరలేదు. మీ గ్రూపులో ఇక వచ్చు మొదటి వదంతితోనే ఆరంభింపుడు.