రెండో కాపీ ఏది?

ఈ వారం నా మనసుకు హాయినిచ్చిన పనితనం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో చూశాను. ఫిల్మ్‌నగర్‌లో కో-డైరెక్టర్‌గా చేస్తున్న కుర్రాడి ల్యాప్‌టాప్ ఆన్ కావడం మానేసింది. స్క్రిప్టు, డైలాగ్ వెర్షన్, లొకేషన్ ఫొటోలు అన్నీ అందులోనే. “అన్నా, ల్యాప్‌టాప్ పోతే పోయింది, డేటా తియ్యి చాలు” అంటున్నాడు. మెకానిక్ వెనక మూత విప్పి, చిన్న స్క్రూ ఒక్కటి తీశాడు. చూపుడువేలంత ఎస్‌ఎస్‌డీ చేతికొచ్చింది. దాన్ని కేసులో పెట్టి తన కంప్యూటర్‌కి తగిలిస్తే, డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగింది. కుర్రాడు ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఒక్కో అంకె చదివాడు. ఫోల్డర్లు కనబడ్డాయి. పోయింది మదర్‌బోర్డే. ఆ కీ దొరక్కపోతే మాత్రం అంతే సంగతులు. మీది ఇవాళే కాగితం మీద రాసి దాచుకోండి.

ఎస్‌ఎస్‌డీయే పోతే కథ వేరు. పాత హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమని కాస్త ముందైనా హెచ్చరించేది. ఇది చాలాసార్లు చెప్పాపెట్టకుండా పోతుంది. డేటా ఫ్లాష్ చిప్పుల్లో ముక్కలుముక్కలుగా ఉంటుంది, చాలా డ్రైవుల్లో ఎన్‌క్రిప్ట్ అయి కూడా. ఆ లెక్క తెలిసిన కంట్రోలర్ కాలిపోతే చిప్పులు ఊడదీసినా చాలాసార్లు చదవలేం. డిలీట్ చేసిన ఫైళ్లయితే, ఆ చోటుని తుడిచేసే ట్రిమ్ పుణ్యమా అని దాదాపు దొరకవు. డ్రైవ్ కనిపించకపోతే మాటిమాటికీ ఆన్ చేయొద్దు. ఫార్మాట్ అసలే వద్దు.

వీటికన్నా సినిమా రీలే నయమన్నది ఈ కాలమ్ పాఠకులకి తెలిసిన నా పాత పాట. ఈసారీ అదే అందుకోబోయాను. కానీ 1932 నాటి మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ చూద్దామంటే ప్రింటే లేదు. ఆనాటి నైట్రేట్ ఫిల్మ్ ఇట్టే అంటుకునే సరుకు. 2003 జనవరిలో పుణెలో అలాంటి రీళ్లెన్నో కాలిపోయాయి. రీళ్లని కాపాడే విద్యని 2019 డిసెంబరులో అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారంపాటు నేర్పింది. అప్పటికే ఎన్ని పోయాయో! ఇంకో ప్రింట్ తీయాలంటే అప్పట్లో ల్యాబు ఖర్చు భరించాలి. ఇప్పుడు ఫైలుని కాపీ చేయడానికి ఏం అడ్డం? అయినా 2025 మేలో ‘కన్నప్ప’ సినిమా గ్రాఫిక్స్ ఉన్న హార్డ్ డ్రైవ్ పోయిందంటూ ఫిల్మ్‌నగర్ పోలీసుల దాకా వెళ్లాల్సి వచ్చింది.

కాబట్టి రీలు గొప్పదని ఇక వాదించను. రీలైనా చిప్పైనా, ఒక్కచోటే ఉంచితే దిక్కులేనిదే. అసిస్టెంట్లూ, ఎడిటర్లూ, ప్యాకప్ చెప్పగానే రెండో డ్రైవ్‌లోకి కాపీ చేయండి, మూడోది ఆఫీసు బయట పెట్టండి. నిర్మాతలూ, ఆ డ్రైవుల ఖర్చు మీరే పెట్టుకోండి, కుర్రాళ్ల జేబులోంచి తీయించకండి.