గేమ్ డబ్బాకు రెండో నంబరు

ఆటల కోసం కొన్న డబ్బాతోనే ఇంట్లో టీవీ మొత్తం నడిపించుకోవచ్చా అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మా ఊళ్లోనే కాదు, చల్లపల్లి, మొవ్వ, అవనిగడ్డ వైపు ఏ చుట్టాలింటికి వెళ్లినా ఇదే ప్రశ్న. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు కొత్త ప్లేస్టేషన్ కొనుక్కుని, పాతదాన్ని సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకొస్తారు. దాంట్లో నెట్‌ఫ్లిక్స్ వస్తుంది, ప్రైమ్ వీడియో వస్తుంది, యూట్యూబ్ వస్తుంది, డిస్కు వేస్తే సినిమా ఆడుతుంది. ఇంకా ఆ కేబుల్ డబ్బా ఎందుకు, టీవీ వెనక దోపే ఆ స్ట్రీమింగ్ స్టిక్కు ఎందుకు, టీపాయ్ మీద ఇన్ని రిమోట్లెందుకు అని వాళ్ల వాదన. ఒంటరిగా ఉండే కుర్రాడి గదికి అది చక్కగా సరిపోతుంది. నలుగురూ ఒకే టీవీ ముందు కూర్చునే మా ఇళ్లకు సరిపోవాలంటే మాత్రం ముందు కొంత పని ఉంది. ఆ పని చాలా ఏళ్లుగా నా నెత్తిన పడింది కాబట్టి ఈ వారం దాని గురించే.

మా ఊరంటే ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న శ్రీకాకుళం. పిన్‌కోడ్ చూడకుండా పేరు మాత్రమే చూసే కొరియర్ల పుణ్యమా అని మా పార్సిళ్లు కొన్ని అంత దూరమూ వెళ్లి తిరిగొస్తుంటాయి.

ఈ డబ్బాలకూ టీవీకీ చుట్టరికం కొత్తదేం కాదు. తొంభైలలో క్యాసెట్ దోపి ఆడే టీవీ గేమ్‌ను యాంటెన్నా తీగ పెట్టే చోటే పెట్టేవాళ్లం. చానెల్ తిప్పుతూ తిప్పుతూ పోతే ఒకచోట చుక్కల మధ్య మారియో కనిపించేవాడు. ఎక్కువసేపు ఆడితే పిక్చర్ ట్యూబ్ పోతుందని ఇంట్లో పెద్దలు కరెంటు తీసేసేవాళ్లు. అప్పుడు ఆటకూ వార్తలకూ ఒకటే తీగ. అది పీకితే ఇది, ఇది పీకితే అది.

2000 మార్చిలో జపాన్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 2తో ఈ చుట్టరికం మారింది. అది డీవీడీలు ఆడించేది. విడిగా డీవీడీ ప్లేయర్ కొనే బదులు దీన్నే కొన్నవాళ్లు కోకొల్లలు. పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఆ యంత్రం అమ్మకాల్లో సినిమా వాటా ఎంతో ఆటల అభిమానులు ఒప్పుకోరు గానీ, ఒప్పుకోవాల్సిందే. (హైదరాబాద్ సంస్థలు రెండు 2009లో దీనికోసం ఆటలు చేశాయి: ఆరోనా వాళ్ల ‘హనుమాన్: బాయ్ వారియర్’, గేమ్‌శాస్త్ర వాళ్ల ‘దేశీ అడ్డా’. రెండోదాంట్లో కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు ఉండేవి. వాటిని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు.) 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 బ్లూ-రే డిస్కుల్ని ఇళ్లలోకి తెచ్చింది. 2008 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 మీద నెట్‌ఫ్లిక్స్ మొదలైంది. ఇంటర్నెట్టు సినిమాను పెద్ద టీవీ మీదకు తెచ్చే ముఖ్యమైన దారుల్లో గేమ్ డబ్బా ఒకటైంది అప్పుడే. 2012లో టీవీ తెర మీద నెట్‌ఫ్లిక్స్‌ను అన్నిటికన్నా ఎక్కువ గంటలు చూసింది ప్లేస్టేషన్ 3 మీదేనని నెట్‌ఫ్లిక్స్ కంపెనీయే చెప్పింది. మనకు నెట్‌ఫ్లిక్స్ వచ్చింది 2016 జనవరిలో. అందుకే డల్లాస్‌లోని మా మేనల్లుడికి పాత అలవాటైనది మా ఇంట్లో ఇంకా వింతగానే ఉంది.

వీటన్నిటిలో నాకు నచ్చిన ఆలోచన ఒకటుంది. లోకమంతా దాన్నే వెక్కిరించింది. 2013 మేలో ఎక్స్‌బాక్స్ వన్‌ను చూపించినప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆటల కంటే ముందు టీవీ గురించి మాట్లాడారు. ఆ డబ్బా వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఒకటి బయటకు, ఒకటి లోపలికి. కేబుల్ సెట్‌టాప్ బాక్సు తీగను తెచ్చి ఈ డబ్బాలోకే దోపవచ్చు. సీరియలూ సినిమా ఆటా ఒకే మెనూలో ఉంటాయి, తెర మీద ఇన్‌పుట్ మార్చే గొడవ ఉండదు. ఆటగాళ్లకు ఒళ్లు మండింది. ప్లేస్టేషన్ 4 కంటే వంద డాలర్లు ఎక్కువ ధర పెట్టడం దానికి తోడైంది. 2014 ఫిబ్రవరిలో మన బుక్కాపురం యుగంధర్ గారి అబ్బాయి సత్య నాదెళ్ల ఆ కంపెనీ పగ్గాలు పట్టారు. జులైలో ఉద్యోగాల కోత ప్రకటించినప్పుడు, ఎక్స్‌బాక్స్ కోసం సొంతంగా టీవీ కార్యక్రమాలు తీయడానికి పెట్టిన స్టూడియోను కూడా మూసేస్తున్నట్టు చెప్పారు. 2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో ఆ లోపలి రంధ్రమే లేదు.

మా ఇళ్లలాంటి వాటికి ఆ రంధ్రమే కావాలి. 2017 మార్చి నాటికి పల్లెల్లో కూడా అనలాగ్ కేబుల్ ఆపేయాలని ప్రభుత్వం గడువు పెట్టాక టీవీ టీవీకీ ఒక సెట్‌టాప్ బాక్సు వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకు నెట్టూ చానెళ్లూ ఫోనూ అంటూ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాక్కుంటూ మరో రకం బాక్సు తెచ్చింది. కాబట్టి ఇక్కడ టీవీ అంటే ముందు ఆ బాక్సు, తర్వాతే మిగతావి. ఎక్స్‌బాక్స్ వన్ ఆలోచనలోనూ ఒక చిక్కు లేకపోలేదు. డబ్బా ఆపేస్తే దాని గుండా వచ్చే కేబుల్ కూడా ఆగిపోతుంది. సాయంత్రం సీరియల్ కోసం అంత యంత్రం మేలుకుని ఉండాలి.

అందుకని నేను చేసే అమరిక ఇది. టీవీ వెయ్యగానే సెట్‌టాప్ బాక్సే రావాలి, అది హెచ్‌డీఎంఐ 1. గేమ్ డబ్బా 2. ఎంత ఖరీదైనదైనా అంతే. మేనల్లుడు దీని మీద చాలాసేపు వాదించాడు. “మామయ్యా, ఇంత పవరున్న మెషీన్‌ను తీసుకెళ్లి రెండో నంబర్లో పెడతావేంటి?” అని. టీవీ ముందు ఎక్కువ గంటలు కూర్చునేది వాళ్ల అమ్మమ్మ. ఆవిడకు తెలిసింది ఎర్ర బటను, చానెల్ నంబర్లు, సౌండు. ఆ మూడూ నొక్కితే చాలు, వేరే ఎవర్నీ పిలవకుండా టీవీ రావాలి. పాత రోజుల్లో టీవీ వెయ్యడం ఇంట్లో ఎవరైనా చేసే పని. ఇప్పుడు చాలా ఇళ్లలో అది కుర్రాడి పని, కుర్రాడు బందరు కాలేజీకి వెళ్తే సాయంత్రం దాకా టీవీ లేదు. అన్నీ ఒకే డబ్బాలోకి చేర్చేసిన ఇళ్లలోనే ఇది నేను ఎక్కువగా చూశాను.

నంబర్లు పెట్టేస్తే పని అయిపోదు, సెట్టింగుల్లోకి దిగాలి. హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మా ధ్వనీ మాత్రమే కాదు, డబ్బాలు ఒకదానికొకటి చెప్పుకునే కబుర్లు కూడా వెళ్తాయి. సీఈసీ అంటారు దాన్ని. ప్లేస్టేషన్ 5లో దీని పేరు హెచ్‌డీఎంఐ డివైస్ లింక్. దాని కింద రెండు మీటలు ఉంటాయి. మొదటిది వేసి ఉంటే, డబ్బా లేవగానే టీవీని కూడా లేపి తెరను తనవైపు లాక్కుంటుంది. మనవడు పక్క గదిలోంచి వచ్చి కంట్రోలర్ మీద చెయ్యి వేశాడా, అక్కడ సీరియల్లో అత్తా కోడళ్ల మాట సగంలో ఉండగా తెర నీలంగా మారిపోతుంది. మా ఇంట్లో దీనివల్ల జరిగినంత రభస కరెంటు బిల్లు వల్ల కూడా జరగలేదు. అది తీసెయ్యాలి. రెండోది, టీవీ ఆపితే డబ్బా కూడా నిద్రపోవడం. అది తప్పక ఉంచాలి, ఎందుకంటే టీవీ ఆపేసి డబ్బాను మర్చిపోవడం మనందరి అలవాటు. ఈ రెండిటినీ కలిపి ఒకే బటన్ అనుకుని మొత్తం తీసేసేవాళ్లు చాలామంది. అలా చెయ్యకండి. లింకు ఉంటే కొన్ని టీవీల రిమోట్ బాణాలతోనే డబ్బా మెనూలో కూడా తిరగొచ్చు.

ఆ సౌకర్యం లేని చోట మీడియా రిమోట్ విడిగా కొనాల్సిందే. ఆట కంట్రోలర్‌తో సినిమా చూడటం పెద్దవాళ్లకు నరకం. ఒళ్లో పెట్టుకుంటే చాలు, వెనకున్న బటన్లు నొక్కుకుపోయి బొమ్మ ముందుకో వెనక్కో పరుగెడుతుంది. చార్జింగు అయిపోతే అదొకటి.

తర్వాత వెతకడం. ఈ ఊరికొచ్చిన కృష్ణదేవరాయలకు కలలో కనిపించి తెలుగులో రాయమని అడిగాడట మా ఆంధ్ర మహావిష్ణువు. ఆ గుడికి కూతవేటు దూరంలో కూర్చుని, తెలుగు అక్షరం ఒక్కటీ లేని కీబోర్డు మీద, బాణం బటన్‌తో ఒక్కో ఇంగ్లీషు అక్షరం మీదకీ పాక్కుంటూ వెళ్లి ‘మాయాబజార్’ అని కొట్టాలి. ఎం, ఏ, వై, ఏ దాకా బానే ఉంటుంది. తర్వాత ఖాళీ ఇవ్వాలా, జెడ్ తర్వాత ‘ఏ’ ఒకటా రెండా? యూట్యూబ్ ఎలా కొట్టినా పట్టుకుంటుంది, కొన్ని యాప్‌లు పట్టుకోవు. దీనికి నేను కనిపెట్టిన మందు, ఫోన్లో తెలుగులోనే వెతికి టీవీ మీదకు పంపడం. యూట్యూబ్‌కి అది తేలిక. ఇక తెలుగు సినిమాలకే ప్రత్యేకమైన యాప్‌లు చాలామటుకు ఫోన్లనూ ఆండ్రాయిడ్ టీవీలనూ దృష్టిలో పెట్టుకుని చేసినవి. గేమ్ డబ్బా దుకాణంలో వెతికితే నాకు కావాల్సినవి కొన్ని దొరకలేదు. తెలుగు ఇంట్లో తెలుగు యాప్ లేని పెట్టె ఒక్కటే పెద్దరికం చేస్తానంటే కుదరదు. స్టిక్కో స్మార్ట్ టీవీయో పక్కన ఉండాల్సిందే.

కరెంటు సంగతికొస్తే లెక్క సూటిగానే ఉంది. స్టిక్కు అయిదు వాట్ల చార్జరు మీద బతికేస్తుంది. అదే సినిమాను ప్లేస్టేషన్ 5 మీద చూస్తే సుమారు 50 వాట్లు. బిల్లు మాట అటుంచి, మా వైపు వాన పడితే ఇన్వర్టరే దిక్కు కదా, అక్కడ తెలుస్తుంది తేడా. పైగా కరెంటు నుంచి ఇన్వర్టరుకు మారే ఆ క్షణంలో స్టిక్కు ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది. పాత ప్లేస్టేషన్ 4 అయితే సరిగ్గా ఆపలేదని మనల్నే మందలించి, లోపలంతా తనిఖీ చేసుకుని గానీ హోమ్ స్క్రీన్ చూపించదు. వరి కోతల కాలంలో ఊకదుమ్ము మరొకటి. డబ్బాలో ఫ్యాను ఉంది, అది గదిలో ఉన్నదంతా లోపలికి పీలుస్తుంది. బందరు, నాగాయలంక వైపు దానికి ఉప్పుగాలి తోడు. పండక్కి బూజు దులిపేటప్పుడు దీన్ని కూడా బ్రష్షుతో దులపాలి, తడిగుడ్డ మాత్రం వద్దు.

ఇంత చెప్పాక దీన్ని వద్దంటున్నాననుకునేరు. డిస్కుల విషయంలో ఇంట్లో దీనికి సాటి వచ్చేది లేదు. గాలివానకు స్తంభం ఒరిగితే దాని మీదున్న నెట్ తీగ ఏ కంపెనీదైనా తెగుతుంది. గేమ్ డబ్బాలోని నెట్‌ఫ్లిక్స్‌లో ఫోన్లో లాగా సినిమాను ముందే దింపి పెట్టుకునే వీలు లేదు. జనరేటర్ వేసి, బీరువా పైన పెట్టిన డీవీడీలు దింపితే అప్పుడు ఈ డబ్బా రాజు. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. మన ఇళ్లలో ఎక్కువగా మిగిలినవి వీసీడీలు. 2007లో మోసర్ బేర్ కంపెనీ 28 రూపాయలకు వీసీడీ, 34కు డీవీడీ అమ్మినప్పుడు, ఆరు రూపాయలు మిగుల్తాయని వీసీడీ కొన్న ఇళ్లే ఎక్కువ. ప్లేస్టేషన్ 4, 5లు సీడీలు అసలు చదవవు, కాబట్టి వీసీడీలు పెట్టినా ప్రయోజనం లేదు. వాటికి పాత డీవీడీ ప్లేయరే గతి, పారేయకండి.

అమెరికా నుంచి తెచ్చేవాళ్లు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. ప్లేస్టేషన్ 4, 5లకు మన కరెంటుతో పేచీ లేదు, తీగ మారిస్తే చాలు. పాత ఎక్స్‌బాక్స్ 360 అయితే అక్కడి అడాప్టర్ 110 వోల్టులది, నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అక్కడ కొన్న యంత్రం బ్లూ-రేలో ‘ఎ’ రీజియన్ డిస్కులు అడుగుతుంది, మనవి ‘సి’. డీవీడీల్లో అక్కడిది 1, మనది 5. అన్ని రీజియన్లకూ పనికొచ్చేలా చేసిన తెలుగు డీవీడీలు మాత్రం ఆడతాయి. డిస్కు డ్రైవు లేని చవక మోడల్ మన ఊళ్లకు దండగ. 2023లో వచ్చిన సన్న మోడల్‌కు డ్రైవును విడిగా కూడా తగిలించుకోవచ్చు గానీ, మొదటిసారి తగిలించినప్పుడు దాన్ని గుర్తించడానికి నెట్ కావాలి. అందుకని ఆ పనేదో అక్కడే, మంచి నెట్ ఉన్న చోటే పూర్తిచేసుకుని, ఓ డీవీడీ వేసి చూసుకుని, అప్పుడు సూట్‌కేసులో పెట్టుకురండి.