డిస్‌ప్లేస్ ‘అయ్యారు’

మాది వినుకొండ. సాగర్ కుడికాలవ నీళ్లతో పెరిగినవాణ్ణి. అందుకే ముంపు ఊళ్ల మీద కథలు, వ్యాసాలు దొరికితే వదలను. వాటిలో ‘డిస్‌ప్లేస్ అయ్యారు’ అన్న మాట తరచూ కనిపిస్తోంది. ఇంగ్లీషు వచ్చిందని నా బాధ కాదు. ‘నిర్వాసితులు’ మాత్రం జనం నోటిమాటా ఏంటి? నా పేచీ ‘అయ్యారు’తోనే. ‘ఊరు ఖాళీ చేయించారు’ అంటే ఎవరు అని అడగబుద్ధవుతుంది. ‘డిస్‌ప్లేస్ అయ్యారు’ అంటే వానకి తడిసినట్టు, దానంతటదే జరిగిపోయినట్టుంటుంది. మా ఆఫీసుల్లో ‘లేఆఫ్ అయ్యాడు’ అంటామే, అలాగ. తీసేసినవాడు వాక్యంలోనే ఉండడు.

1955లో నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన ‘చేశారు’. మునిగిపోతాయని నాగార్జునకొండ కట్టడాలు కొన్నింటిని కొండపైకీ, అనుపుకీ ‘తరలించారు’. రాళ్ల దగ్గర తిన్నగా ఉన్న క్రియ, మనుషుల దగ్గరికొచ్చేసరికి ‘అయ్యారు’ అయిపోతోంది. కథ రాసేవాళ్లు దాన్ని ‘చేశారు’గా మార్చి చూడండి. ‘ఎవరు?’ అన్న ప్రశ్న తప్పించుకోలేరు.