తోలు లేని డప్పు

ప్యాడ్ మీద డప్పు మోత ఎంత అచ్చంగా వస్తుందన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది. ఇది అసలు, అది నకిలీ అని తేల్చేస్తే మనకొచ్చేదేం లేదు. మోతను తీసుకుని చేతిని వదిలేసిందెవరు? అదీ మన ప్రశ్న.

ముందు పనితనం చూద్దాం. డప్పంటే చట్రానికి బిగించిన తోలు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. తేమకు తోలు మెత్తబడితే మంట దగ్గర కాస్తారు. ఎంత కాయాలో కొట్టేవాడి చెవే చెబుతుంది. ప్యాడ్ సంగతి వేరు. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టాప్యాడ్‌లో ఉన్నవి ఎనిమిది రబ్బరు పలకలే. దానికి సొంత మోత లేదు. దెబ్బ బలాన్ని 1 నుంచి 127 లోపు ఒక అంకెగా మార్చి, మరో యంత్రంలోని ధ్వనిని పలికిస్తుంది. తర్వాతి ప్యాడ్లు ధ్వనుల్ని తమలోనే దాచుకున్నాయి. డప్పుకారుడి దెబ్బను ఒక్కసారి రికార్డు చేస్తే చాలు, ఇక ఎవరైనా వాయించొచ్చు. కొట్టినోడి పేరు ఆ పలకల మీద కనపడదు.

కులం ఇక్కడే బయటపడుతుంది. డప్పు ముట్టని చెయ్యి ప్యాడ్‌ని సంతోషంగా ముడుతుంది. అంటే ఈ సమాజం అంటును మోతలో చూడలేదు, తోలులోనూ ఆ తోలును పదునుపెట్టిన మాదిగ చేతిలోనూ చూసింది. ఊరేగింపులో పదిమంది చేసే పని ఒక ప్యాడూ రెండు స్పీకర్లూ చేస్తే, పోయేది ఆ పదిమంది కూలి.

అట్లాగని డప్పును దేవుణ్ణి చేయడమూ తప్పే. చావుకీ చాటింపుకీ వెట్టిగా కొట్టక తప్పని తాతలకు అది కళ కాదు, సంకెల. దాన్ని దించేసి బడికెళ్ళిన పిల్లవాణ్ణి 'సంస్కృతి మరిచావ్' అని నిలదీసే హక్కు ఎవరికీ లేదు. ప్యాడ్ పట్టిన మాదిగ కుర్రాడిదీ తప్పు కాదు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం తన పేరునే చాటింపు నుంచి తీసుకుంది: మాదిగ దండోరా. ఊరిపెద్దల మాట చాటిన డప్పే అప్పుడు సొంత మాట చాటింది. తోలు అదే, దెబ్బ అదే. మారింది కొట్టమని చెప్పేవాడు.

కాబట్టి తోలునైనా రబ్బరునైనా మనం తూచాల్సింది మూడు ప్రశ్నలతో: ఎవరి మాట మీద మోగింది? డబ్బు ఎవరికి ముట్టింది? ఎవరి పేరు నిలిచింది? యంత్రంలోకెక్కిన ప్రతి డప్పు దెబ్బకీ కొట్టినోడి పేరు రాయాలి, వాటా ఇవ్వాలి. అంతదాకా అది మన మోతే, మనది కాని పాట.