వార్డును కాచే చేతులు

ఆసుపత్రిలో రోగిని ఎక్కువసార్లు ముట్టుకునేది ఎవరు? డాక్టరు రౌండ్స్‌కు వచ్చి, పరీక్షించి, కేస్ షీటులో నాలుగు మాటలు రాసి వెళ్తారు. సిస్టర్ వేళకు ఇంజెక్షన్ చేసి, సెలైన్ మార్చి ఇంకో మంచం దగ్గరికి నడుస్తారు. ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టి తీయడం, దుప్పటి మార్చడం, చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకు తీసుకెళ్లడం, లేవలేనివాళ్లకు గంజి పట్టించడం మాత్రం ఆయమ్మ, వార్డు బాయ్ చేస్తారు. శిక్షణ పొంది వచ్చినవాళ్లను ఇప్పుడు జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అంటున్నారు. ఎలా పిలిచినా, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పగలూ రాత్రీ తిరిగే చేతులు వాళ్లవే. ఒక రోగి ఒంట్లోని క్రిమి పక్క మంచానికి చేరుతుందా, అక్కడే ఆగిపోతుందా అన్నది చాలావరకు ఆ చేతుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ పనిని లోకం చిన్న పని కింద జమకట్టింది. నిజానికి ఇదొక విద్య. నేర్చుకుంటే తప్ప రాదు, సాధన లేకపోతే నిలవదు. ఇది సరిగ్గా సాగకపోతే జరిగే నష్టం ఎంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది. అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి వంద మందిలో 15 మందికి అక్కడే ఏదో ఒక కొత్త ఇన్‌ఫెక్షన్ అంటుకుంటోంది. ధనిక దేశాల్లో కూడా ఆ సంఖ్య ఏడు.

చేతులకూ చావుకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో మొదట బయటపెట్టినవారిలో ముఖ్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు. ఆయన పనిచేసిన వియన్నా జనరల్ ఆసుపత్రిలో రెండు కాన్పుల వార్డులు ఉండేవి. మొదటిదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు కాన్పులు చేసేవారు. రెండోది మంత్రసానులది. 1846లో మొదటి వార్డులో బాలింతల మరణాలు నూటికి 11 దాటితే, మంత్రసానుల వార్డులో మూడుకు లోపే. ఊళ్లో ఆ సంగతి తెలియనివారు లేరు. మొదటి వార్డులో చేర్చుకోవద్దని గర్భిణులు మోకాళ్ల మీద పడి వేడుకునేవారట. తేడా ఎక్కడుంది? శవపరీక్ష గది నుంచి డాక్టర్లు, విద్యార్థులు నేరుగా కాన్పుల గదికి వచ్చేవారు. మంత్రసానులకు శవపరీక్షతో పని లేదు. 1847 మే నెల మధ్యలో, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లలో చేతులు కడుక్కున్నాకే తల్లిని ముట్టుకోవాలని సెమ్మెల్‌వైస్ నియమం పెట్టారు. అంతకు ముందు నెలలో నూటికి 18 దాటిన మరణాలు జూన్‌లో రెండుకు దిగాయి. పెద్ద చదువుల చేతుల కంటే మంత్రసానుల చేతులే ఆ తల్లులకు మేలు చేశాయి. సూక్ష్మక్రిముల సిద్ధాంతం ఇంకా స్థిరపడని కాలం కాబట్టి, తమ చేతులే చావును మోసుకొస్తున్నాయంటే చాలామంది పెద్దలు ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఒప్పుకోనివారు లేరు, పాటించనివారు ఉన్నారు. దానికి కారణం ఒక్క బద్ధకమే కాదు. ఒక్క మనిషి పదుల మంచాలు చూసుకునే వార్డులో, కొళాయి వరండా చివర ఉంటే, ప్రతి రోగికీ ముందొకసారి తర్వాతొకసారి అంత దూరం నడవడం ఎవరి తరం? జెనీవా విశ్వవిద్యాలయ ఆసుపత్రుల్లో డాక్టర్ డిడియే పిట్టే బృందం పట్టుకున్న కిటుకు ఇక్కడే ఉంది. మనిషిని కొళాయి దగ్గరికి నడిపించే బదులు, ఆల్కహాల్ ద్రావణం సీసాను రోగి మంచం దగ్గరికి తెచ్చారు. 1994లో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో 48 శాతమే పాటించేవారు. 1997కల్లా అది 66 శాతమైంది. అదే దశకంలో ఆ ఆసుపత్రుల్లో అంటుకునే ఇన్‌ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 9.9 శాతానికి తగ్గాయి.

ఎప్పుడెప్పుడు కడుక్కోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలుగా విడదీసింది. రోగిని ముట్టుకునే ముందు, గాయానికి కట్టు కట్టడంలాంటి శుభ్రమైన పనికి ముందు, రక్తం, చీము, మలమూత్రాలు తగిలే పని అయ్యాక, రోగిని ముట్టుకున్నాక, చివరిగా రోగిని ముట్టుకోకపోయినా ఆయన మంచం, లాకరు, సెలైన్ స్టాండు ముట్టుకున్నాక. అందరూ మరిచిపోయేది ఈ ఐదోదే. మంచం కమ్మీ చూడటానికి శుభ్రంగానే ఉంటుంది మరి. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. చేతికి మురికి కనిపిస్తున్నప్పుడు శానిటైజర్ చాలదు. కొన్ని రకాల విరేచనాల క్రిములు గట్టి పెంకు కట్టుకుని ఆల్కహాల్‌ను తట్టుకుంటాయి కాబట్టి అక్కడా సబ్బే కావాలి. హడావుడిలో చాలామంది అరచేతులు రుద్దుకుని వదిలేస్తారు. బొటనవేళ్లు, వేళ్ల కొనలు, చేతి వెనకభాగం మిగిలిపోతాయి. రోగికి తగిలేవి మొదట వేళ్ల కొనలే.

తెలుగు వార్డుల్లో దీనికి ఇంకో చిక్కు కూడా ఉంది, గాజులు. ఉంగరాల కింద, గాజుల కింద చర్మం సరిగ్గా తడవదు, క్రిములు అక్కడ నిలవుంటాయి. మట్టిగాజు చిట్లితే ముసలివాళ్ల పల్చటి చర్మం గీరుకుపోతుంది. అయినా డ్యూటీలోకి రాగానే గాజులు తీసేయమంటే ముత్తయిదువకు మనసొప్పదు. దాన్ని మూఢత్వమని కసురుకుంటే పని జరగదు. ఆమె మనసు నొప్పించకుండా, గాజు కింద ఏం దాగుతుందో చెప్పి, తీసి భద్రంగా దాచుకోవడానికి ఒక పెట్టె చూపించే హెడ్ సిస్టర్ ఉన్నచోట మాట చెల్లుతుంది.

గ్లౌజులు వేసుకుంటే చేతులు కడగక్కర్లేదన్న నమ్మకం మరో ప్రమాదం. గ్లౌజుకు కంటికి కనిపించని చిల్లులు ఉండొచ్చు, విప్పేటప్పుడు మురికి చేతికి అంటొచ్చు. ఒకే జతతో నలుగురు రోగుల పని చేస్తే రక్షణ తొడుక్కున్న మనిషికే, రోగికి కాదు. ఒక రోగికి ఒక జత, విప్పగానే చేతుల శుభ్రం. ఇందులో సడలింపు లేదు.

ఈ పనిలో ఎంత నేర్పు ఇమిడి ఉందో చూడాలంటే యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం ఒక్కటి చాలు. తెలిసిన మనిషి ముందు చేతులు శుభ్రం చేసుకుని గ్లౌజులు వేసుకుంటుంది. ఆ రోగికే కేటాయించిన కొలత మగ్గు కింద పెడుతుంది. బ్యాగు అడుగున ఉన్న గొట్టం మగ్గు అంచుకు తగలకుండా తెరుస్తుంది. వదిలాక ఆ కొనను స్పిరిట్ దూదితో తుడిచి మూస్తుంది. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, రంగు ఎలా ఉందో సిస్టర్‌కు చెబుతుంది. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం ఆనకూడదు. స్కానింగ్‌కు తీసుకెళ్లేటప్పుడు వీలుగా ఉంటుందని బ్యాగును రోగి పొట్ట మీదో ఒళ్లోనో పెట్టేయడం మన వరండాల్లో తరచూ కనిపించే దృశ్యం. అప్పుడు సంచిలో నిలవున్న మూత్రం వెనక్కి ప్రవహిస్తుంది, దాంతోపాటు క్రిములూ లోపలికి వెళ్తాయి. బయల్దేరే ముందే బ్యాగు ఖాళీ చేసి, కిందికి తగిలించడానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం మిగుల్చుకుంటే రోగి మీద వారం రోజుల జ్వరం, యాంటీబయాటిక్ ఖర్చు పడొచ్చు.

సూది విషయంలో ఆపద రోగికే కాదు, సహాయకులకూ. ఇంజెక్షన్ చేసింది వేరొకరైనా, మడత దుప్పట్లో మరిచిన సూది గుచ్చుకునేది దుప్పటి తీసే చేతికే. ఒకరి రక్తంలో హెపటైటిస్ బి ఉండి, ఆ సూది టీకా వేసుకోనివాళ్లకు గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి అంటుకునే అవకాశం ఉంది. హెచ్ఐవీ అయితే వెయ్యికి దాదాపు ముగ్గురికి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదు, వంచకూడదు. గుచ్చుకుంటే నొక్కి రక్తం తీయడం, వేలు నోట్లో పెట్టుకోవడం వద్దు. సబ్బూ నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటల లోపు మొదలుకావాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. తిడతారేమోనని దాచిపెట్టే వాతావరణం ఉన్న ఆసుపత్రి తన మనుషులను తానే ముప్పులోకి నెట్టినట్టు.

చెత్తకూ చట్టం ఉంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి వెళ్లాలి. సెలైన్ గొట్టాలు, గ్లౌజులు, సూది తీసిన సిరంజిలు ఎరుపులోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం పెట్టెలోకి. ఎరుపులోని ప్లాస్టిక్ రీసైక్లింగ్‌కు వెళ్తుంది కాబట్టి, పసుపు సంచిలో పడాల్సింది అందులో పడితే, ఆ పొరపాటు ప్లాస్టిక్ ఏరే ఎవరో అపరిచితుల చేతుల దాకా వెళ్తుంది.

ఇన్‌ఫెక్షన్‌తో పాటు రోగి భద్రత మొత్తం ఈ పనిలోకే వస్తుంది. కదల్లేని రోగిని కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద పుళ్లు పడతాయి. పుండు మొదలయ్యేముందు చర్మం ఎర్రబడుతుందని పుస్తకాలు చెబుతాయి. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు తేలిగ్గా కనబడదు. చేత్తో తాకి చూడాలి, ఆ చోటు చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో ఉంటే సిస్టర్‌ను పిలవాలి. ఆ చోటును మర్దనా చేయకూడదు. మడమల కింద నీళ్లు నింపిన గ్లౌజు పెట్టే అలవాటు మన వార్డుల్లో బాగా పాతుకుపోయింది, అది మేలు చేయదు. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాలిలో తేలేలా చూడాలి. పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగడం కాదు, చెరోవైపు ఇద్దరు నిలబడి కింది దుప్పటితో ఎత్తి జరపాలి. లాగితే చర్మం ఒరుసుకుపోతుంది.

పేరు అడగడంలో కూడా నేర్పు ఉంది. "మీరు వెంకటేశ్వర్లే కదా తాతా?" అంటే సరిగ్గా వినపడని పెద్దాయన "ఆ" అనే అంటారు. ఒకే వార్డులో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం మనకు వింతా కాదు. "తాతా, మీ పేరేంటో చెప్పండి" అని అడిగి, చేతి పట్టీ మీద ఉన్న పేరు, నంబరుతో సరిచూసుకోవాలి. మంచం నంబరును నమ్మకూడదు, మంచాలు మారుతుంటాయి. రోగిని మంచం దింపే ముందు చక్రాల బ్రేకు వేశామా, నేల తడిగా ఉందా, కాళ్లకు చెప్పులున్నాయా అని చూడటం కూడా ఆ నేర్పులోదే.

రోగిలో మార్పును అందరికంటే ముందు పసిగట్టేది కూడా వీళ్లే. "ఈ అమ్మ నిన్నటిలా మాట్లాడటం లేదు సిస్టర్, ఊపిరి ఎక్కువగా తీసుకుంటోంది" అన్న ఒక్క మాట ప్రాణం నిలబెట్టగలదు. ఆ మాట అనే ధైర్యం వాళ్లకు ఉండాలి, వినే ఓపిక పైవాళ్లకు ఉండాలి.

చాలా ఆసుపత్రుల్లో వీళ్లు ఏజెన్సీల ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనుషులు. ఎవరి జీతపు పట్టికలో ఉన్నా, వాళ్ల చేతుల బాధ్యత ఆసుపత్రిదే. 2016 నిబంధనలు ఈ మాట స్పష్టంగానే చెబుతున్నాయి. వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరినప్పుడు, ఆపైన ఏడాదికోసారైనా శిక్షణ ఇవ్వాలి, ఆరోగ్య పరీక్షలు చేయించాలి. తెలుగు రాష్ట్రాల్లోని ఆసుపత్రుల యాజమాన్యాలు, సూపరింటెండెంట్లు తమ వార్డుల్లోని ఆయమ్మలు, వార్డు బాయ్‌ల టీకా రిజిస్టరు ఈ వారమే ఒకసారి తెప్పించి చూడాలి. ప్రతి మంచం దగ్గరా శానిటైజర్ సీసా, ప్రతి కొళాయి దగ్గరా సబ్బు ఉండేలా చూడాలి. ఇక మంచం పక్కన కూర్చునే బంధువులు చేయాల్సిందీ ఒకటుంది. మీరూ చేతులు శుభ్రం చేసుకునే రోగిని ముట్టుకోండి. పక్క మార్చడానికి వచ్చిన ఆయమ్మను "చేతులు కడుక్కున్నారా అమ్మా?" అని మర్యాదగా అడగండి. ఆమె కడుక్కుని వచ్చేదాకా ఆగండి.