అచ్చు అతుకు చేతులు

మహేంద్రతనయ యొడ్డునున్న మా పాతపట్నమునుండి పొందూరునకుఁ బోయినపుడెల్ల, వాలుగచేప దవడయెముకతో ఏకిన ప్రత్తినుండి తీసిన ఆ సన్నని నూలుకన్నను, మగ్గముపై ముగిసిన పాత పడుగు కొనలకు క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా, వరుస తప్పక, వ్రేళ్లతో మెలివెట్టి అచ్చు అతుకు పనివారి నేర్పే నన్నెక్కువగా నిలువరించును. ఒక్క పోగు తావు తప్పినను బట్టయంతయు ఆ తప్పును చాటును.

గర్భస్థశిశువు కంటినుండి మెదడునకు సాగు నాడీతంతువుల పయనమును ఇట్టిదే. ఒక్కొక్క కంటికి తుదకు నిలుచునవి సుమారు 10 లక్షలు. ముక్కువైపు సగమునుండి బయలుదేరినవి నడిదారిలో అడ్డముగా దాఁటి ఆవలి పక్షమును జేరును, తక్కినవి తమ పక్షముననే సాగును. కప్పల దృష్టినాడిని కోసి, కంటిని తలక్రిందుగాఁ ద్రిప్పి పరీక్షించిన రోజర్ స్పెర్రీ, తిరిగి పెరిగిన తంతువులు తమ పూర్వస్థానములనే వెదకికొని చేరెననియు, అందుచేతనే ఆ కప్ప పైనున్న యీఁగకై క్రిందికి దుమికెననియు గ్రహించెను. ఎంత యాశ్చర్యము! ప్రతి తంతువును తన జోడును రసాయనిక చిహ్నముచే గుర్తించునని యాతఁడు 1963లో ప్రతిపాదించెను.

పొందూరులో ఆ గుర్తు వ్రేలికొనలయందున్నది: పొద్దు వాలి వెలుఁగు సన్నగిల్లినను, అచ్చు అతుకుచున్న యొక వృద్ధురాలు తలయెత్తక, తరువాతి పోగును తడవి పట్టుకొనుచునే యుండెను.