సంకేతములు – నోటిపేరులు

ప్రోగ్రామింగు భాషలలోని గుర్తులకు గ్రంథములందలి పేరులు వేరు, నోటిపేరులు వేరు. రెండవవానిని కేవల పరిహాసములని త్రోసిపుచ్చుట యుక్తము కాదు. గ్రంథనామము ప్రయోజనమును, నోటిపేరు తఱచుగా రూపమును ఆశ్రయించును. ప్రయోజనము మారినను రూపము మారదు.

‘సీ’ భాషలో ‘*’ ఒకచోట గుణకారమును, వేరొకచోట పాయింటరు చూపు స్థానమందలి విలువను తెలుపును. ‘స్టార్’ అను పేరు రెంటికిని చెల్లును. పాస్కల్ భాషలో ‘:=’ విలువను నిలుపు వాక్యమునకు గుర్తు. 2019లో వెలువడిన పైథాన్ 3.8లో అదియే ఎక్స్‌ప్రెషన్ నడుమను విలువను నిలుపును. వాల్రస్ అను సముద్రజంతువు కన్నులను, కోరలను పోలుటచే దానికి ఏర్పడిన ‘వాల్రస్’ అను ముద్దుపేరును ఆ భాషాపత్రములే పేర్కొన్నవి.

1972లో ప్రిన్స్‌టన్ విద్యార్థులు డాన్ వుడ్స్, జేమ్స్ లయన్ హాస్యమునకై కల్పించిన ఇంటర్‌కాల్ భాషలో జంట ఉద్ధరణచిహ్నము పేరు ‘కుందేటి చెవులు’. ఇచట పరిహాసము నిజమే. కాని అదియు రూపదృష్టినే అనుసరించినది.

ఈ ద్వైవిధ్యము మనకు క్రొత్త కాదు. తలకట్టు, గుడి, కొమ్ము రూపనామములు. ఏత్వము, ఓత్వము ధ్వనినామములు. బడిలో రెండును కలిసియే నిలిచినవి. కావున తెలుగు పారిభాషికపద నిర్మాతలు ప్రయోజననామములతో తృప్తిపడక, నోటిపేరులకును నిఘంటువున చోటీయవలెను. లేనిచో ప్రోగ్రామును బిగ్గరగా చదువు విద్యార్థి పలుకు అందు కానరాదు.